కాగితం మీద మోగుతూనే ఉంది

గండిపేటలో చప్పుడుకు కరువు లేదు. లగ్గాల సీజన్‌లో నార్సింగి నుంచి శంకర్‌పల్లి దాకా, ఇటు మొయినాబాద్ దాటి చేవెళ్ల దాకా, ఒక ఫంక్షన్ హాలు గోడ ఎక్కడ ముగిసి ఇంకో హాలు గోడ ఎక్కడ మొదలవుతుందో డీజే బాక్సుల పాట మారినదాన్ని బట్టే తెలుసుకోవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్లను నోరు మూసుకోమన్నాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటొద్దన్నాయి. ఆ 45 ఎంతుంటుందో ఈ చుట్టుపక్కల విన్నవాళ్లు లేరు. విందామంటే బేస్ అడ్డమొస్తుంది.

ఇంత మోతలోనూ నిశ్శబ్దానికి గ్యారంటీ ఉన్న చోటు ఒకటుంది. ఇంజనీరింగ్ కాలేజీ ఎంబెడెడ్ ల్యాబ్. 1979లో సీబీఐటీ, 1997లో ఎంజీఐటీ వచ్చాక ఈ దారి పొడవునా, అజీజ్‌నగర్, మొయినాబాద్‌ల వైపూ కాలేజీలు లేచాయి. ఏ కాలేజీ ల్యాబ్ అని అడక్కండి. బోర్డు ఒకటే, మౌనం ఒకటే. ఫైనలియర్ పిల్లలు నలుగురు, అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై బోర్డు, దానికి నాలుగైదు రంగుల జంపర్ వైర్లతో వేలాడుతున్న బుల్లి స్పీకరు. ప్రాజెక్టు పేరు మాత్రం పేద్దది: చేవెళ్ల పూల రైతు కోసం తెలుగులో మాట్లాడే పాలీహౌస్. మట్టిలో తేమ తగ్గితే బోర్డు నోరు తెరిచి 'నీళ్లు పెట్టండి' అనాలి. (రైతుకు వేలితో మట్టి నొక్కితే తెలిసే సంగతే ఇది. కానీ వేలికి క్రెడిట్లు ఇవ్వరు.)

"సౌండొస్తలేదు సార్."

"కోడ్ రన్నయితుందా?"

"అయితుంది సార్. ఒక్క ఎర్రర్ లేదు."

"మరింకేంది? ఎర్రర్ లేదంటే వస్తున్నట్టే."

ఈ ముక్కను ఏ తహసీల్దారు ఆఫీసు గుమ్మం మీద చెక్కించినా అతికినట్టుంటుంది. ఎందుకో తెలియాలంటే ముందు ఈ ఊరి సంగతి తెలియాలి.

1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. విశ్వేశ్వరయ్య వచ్చి సలహా చెప్పారు. 1920లో గండిపేట దగ్గర ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. ఈ రెండు చెరువులను కాపాడాలని 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు కూడదంది. జీవో చదివితే ఇక్కడ కనుచూపు మేర జొన్నచేలు, జామతోటలు. చదివి తలెత్తితే ఎదురుగా ఇరవై అడుగుల గేటు, లోపల ఈతకొలను, పక్కన ఫంక్షన్ హాలు. 2022 ఏప్రిల్‌లో జీవో 69 తెచ్చి ఆంక్షలు సడలిస్తున్నామన్నారు. 2023 మేలో 111ను ఎత్తేస్తున్నట్టు కేబినెట్ ప్రకటించింది. 2024 ఆగస్టులో ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రా జేసీబీలు ఖానాపూర్ వైపు వచ్చి చెరువు హద్దుల్లోని కట్టడాలను కూల్చాయి. కాగితంలో లేనిది నేల మీద నిలబడి ఉంటుంది. ఇదీ గండిపేట ధర్మం. మేం దీనికి అలవాటుపడ్డాం.

బోర్డు ధర్మం దీనికి సరిగ్గా తలకిందులు. నేల మీద ఎంత గట్టిగా ఉన్నా కాగితంలో లేకపోతే లేనట్టే. స్పీకరుంది, యాంప్లిఫైయర్ చిప్పుంది, వైర్లున్నాయి, కరెంటుంది. కళ్లకు కనిపిస్తున్నాయి, చేతికి తగులుతున్నాయి. బోర్డును అడిగితే మాత్రం 'మా రికార్డులో అలాంటిదేం లేదు' అంటుంది. పాసుబుక్కు లేని రైతుకు కౌంటర్లో వచ్చే జవాబే ఇదీ.

ఆ రికార్డు పేరు డివైస్ ట్రీ. అచ్చంగా పొలాల పహాణీ. ఏ చిరునామాలో ఏ పరికరం ఉంది, దానికి ఏ కాలు, ఏ గడియారం, ఎవరి స్వాధీనంలో ఉంది అంతా అందులో రాసుంటుంది. మామూలు కంప్యూటర్‌కు ఇంత బాధ లేదు. యూఎస్‌బీ హెడ్‌ఫోన్ పెట్టగానే అది తనంతట తాను 'నేను ఫలానా' అని చెప్పుకుంటుంది. కానీ చిప్పుకీ చిప్పుకీ మధ్య పాట మోసే ఐటూఎస్ అనే పద్ధతి ఉంది చూశారూ, అది మొహమాటస్థురాలు. 1986లో ఫిలిప్స్ వాళ్లు దాన్ని పుట్టించింది సీడీ ప్లేయర్ లాంటి పెట్టెల లోపల వాడకం కోసం. ఒక తీగ మీద గడియారం, ఒక తీగ మీద ఎడమా కుడీ, ఒక తీగ మీద పాట. అంతే. అవతల ఉన్నదెవరని అడిగే నాలుగో తీగ లేదు. అక్కర్లేదు కూడా. పెట్టె గీసిన ఇంజనీరుకు రెండు చివర్లా ఏముందో తెలుసు, ఎందుకంటే రెండూ పెట్టింది ఆయనే. ఆ తీగల్ని ఇప్పుడు తెచ్చి ఇరవై ఏళ్ల పిల్లల బల్ల మీద పెట్టి, మిగతాది మీరు చూసుకోండన్నారు.

మొదట్లో పహాణీ కూడా లేదు. ఒక్కో బోర్డు వివరాలను లైనక్స్ కెర్నెల్‌లోనే కోడ్‌గా కుక్కేవాళ్లు. బోర్డుకో ఫైలు, ఫైలుకో పెత్తనం. 2011లో లైనక్స్ పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్ ఈ ఆర్మ్ బోర్డుల గుంపు మీద బూతులతో సహా విరుచుకుపడ్డాడు. దాంతో అందరూ సర్దుకుని, వెనకటి ఓపెన్ ఫర్మ్‌వేర్ రోజుల నుంచి ఉన్న డివైస్ ట్రీ పద్ధతికి మళ్లారు. మంచి పనే. రికార్డుల ప్రక్షాళన ఎప్పుడూ మంచి పనే. అయితే ప్రక్షాళన జరిగిన ఊళ్లో ఉన్నవాడిని కాబట్టి ఆ తర్వాతేం జరుగుతుందో నాకు తెలుసు. 2017లో భూరికార్డులు ప్రక్షాళన చేశారు. తేలని భూములన్నీ పార్ట్ బిలో పడ్డాయి. 2020లో ధరణి పోర్టల్ వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది. పేరులో ఒక్క అక్షరం తప్పుపడిన రైతు మూడింటి చుట్టూ తిరిగాడు. బోర్డులోనూ అంతే. డివైస్ ట్రీలో ప్రతి పరికరానికీ 'కంపాటిబుల్' అని ఒక పేరు ఉంటుంది. డ్రైవర్ దగ్గరున్న పేరుతో అది అక్షరం అక్షరం కలవాలి. ఒక కామా తేడా వచ్చిందా, డ్రైవర్ ఆ పరికరం ముఖం కూడా చూడదు. నోటీసు ఇవ్వదు, ఎర్రర్ వేయదు. పరికరం పార్ట్ బిలో పడిపోతుంది. ఇంకా చిత్రం, పేరు సరిపోయినా పక్కనే 'స్టేటస్' అని ఇంకో గడి ఉంటుంది. అందులో 'డిజేబుల్డ్' అని ఉంటే వైర్లు, చిప్పు, డ్రైవర్ అన్నీ ఉన్నా వ్యవహారం శూన్యం. రాస్ప్‌బెర్రీ పైలో ఐటూఎస్ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చేదే అలా మూతపడి. ఎవరో ఒకరు వెళ్లి 'ఓకే' అనిపించాలి. ఆ 'ఓకే'ను ఆఫీసులో ఏమంటారో మీకు చెప్పక్కర్లేదు. బోర్డు లంచం తీసుకోదు, అదొక్కటే తేడా.

సరే, ఓకే చేయించేదెక్కడ? కాన్ఫిగ్ డాట్ టీఎక్స్‌టీ అనే ఫైలులో. అదెక్కడుంది? మొదట్లో బూట్ ఫోల్డర్లో. 2023 అక్టోబరులో బుక్‌వార్మ్ అనే రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ విడుదల వచ్చి, ఆ ఫైలును బూట్ లోపలి ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌కు మార్చారు. పాత చోట ఏముంది? 'దీన్ని దిద్దొద్దు, మీరు వెతుకుతున్నది ఫలానా చోటుకు మారింది' అని ఒక బోర్డు కట్టారు. ఆఫీసు మారితే పాత గుమ్మానికి కాగితం అంటించడం మనమూ చేస్తాం. మన జనం చదవకుండా లోపలికి దూరిపోవడమూ మామూలే. సీనియర్ల రికార్డు బుక్కు చూసి పాత ఫైలులోనే నాలుగు లైన్లు రాసి, సేవ్ చేసి, రీబూట్ కొట్టి, స్పీకరుకు చెవి ఆనించి కూర్చుంటారు. సరైన ఫైలులో రాసినా, పరికరాన్ని డివైస్ ట్రీకి చేర్చే ఓవర్లే పేరులో అక్షరం తప్పితే బోర్డు ఏమీ అనదు. ఆ లైను లేనట్టే దాటేసి, హుందాగా బూటవుతుంది.

ఆ ఓవర్లే పేర్ల సంగతి ఇంకో ముచ్చట. కోఠి గుజరాతీ గల్లీలో పిల్లలు కొన్న యాంప్లిఫైయర్ బోర్డుకు తల్లీతండ్రీ లేరు. దాని మీద మాక్స్98357 అని గుర్తు ఉంటుంది, మూడు వాట్ల దాకా లాగుతుంది, పని చేస్తుంది. దాన్ని రికార్డులోకి ఎక్కించాలంటే ఏం రాయమంటారు? సాధారణంగా అందరూ చెప్పేది 'హైఫైబెర్రీ-డాక్' అని. హైఫైబెర్రీ అనేది స్విట్జర్లాండ్ కంపెనీ. ఈ ముక్కకూ ఆ కంపెనీకీ ఏ సంబంధమూ లేదు. ఆ పేరు మీద ఉన్న పట్టా చాలా సాదాసీదాగా ఉంటుంది కాబట్టి ఊళ్లోని అనాథ చిప్పులన్నీ అందులో తలదాచుకుంటాయి. ఐఎన్‌ఎంపీ441 అనే మైకు ముక్కకైతే ఇంకా గొప్ప యజమాని. 2017లో గూగుల్ వాళ్లు వాయిస్ కిట్ కోసం రాయించిన ఓవర్లే పేరు పెడతారు. ఆ బుల్లి మైకు కాగితాల మీద గూగుల్ వారిది. బినామీ లావాదేవీల చట్టం కింద ఎవరైనా ఫిర్యాదు చేస్తే సగం ల్యాబులు సీజవుతాయి.

(మాక్స్98357కు సొంత పేరుతో ఓవర్లే కూడా ఉంది, ఆ సంగతీ చెప్పాలి. కానీ సొంత పేరుతో వెళ్తే ఎస్‌డీ అనే కాలును ఏ పిన్నుకు కలిపారో, అసలు కలపలేదో కూడా చెప్పాలి. ఆ కాలు నేలకు దిగితే చిప్పు నిద్రపోతుంది. బినామీ పేరైతే ఆ లెక్కలడగరు. నిజాయితీకి ఎప్పుడూ ఒక సంతకం ఎక్కువ.)

ఇక సర్వే నంబర్లు. బోర్డు మీద నలభై కాళ్లుంటాయి. ఒక్కో కాలుకు రెండు నంబర్లు. వరుసలో ఎన్నోది అన్నది ఒకటి, చిప్పు లోపలి లెక్క ఇంకోటి. ఐటూఎస్ గడియారం జీపీఐఓ 18. వరుసలో అది పన్నెండో కాలు. వరుసలో పద్దెనిమిదో కాలుకు పోయి కలిపారనుకోండి, అది జీపీఐఓ 24, పొరుగువాడి పొలం. మిగతా రెండూ వరుసలో 35, 40. మైకు తీగ 38లో. పాత సర్వే నంబరూ కొత్త సర్వే నంబరూ తెలియక పక్కోడి చేనులో బోరు వేసుకున్నవాళ్లను చూసినవాళ్లకు ఇదేం కొత్త కాదు. ఒకే నంబరు మీద ఇద్దరికి రిజిస్ట్రేషన్లు అవడమూ ఇక్కడుంది. 2013లో వచ్చిన బీగిల్‌బోన్ బ్లాక్ బోర్డులో టీవీకి బొమ్మా పాటా పంపే హెచ్‌డీఎంఐ, ఆడియో కేప్ రెండూ అవే కాళ్లు కావాలంటాయి. పాట కావాలంటే బొమ్మను ఖాళీ చేయించాలి. అది చెప్పేవాడెవరు? ఎవడి పట్టా వాడు పట్టుకుని ఇద్దరూ నిలబడతారు, ముందొచ్చినవాడిదే పొలం.

నిషేధిత జాబితా కూడా ఉందండోయ్, మన భూముల 22ఏ లాంటిది. మోడ్‌ప్రోబ్ బ్లాక్‌లిస్ట్. పోయినేడు బ్యాచ్ ఇదే బోర్డుతో ఎల్‌ఈడీ డిస్‌ప్లే ప్రాజెక్టు చేసింది. ఆ డిస్‌ప్లేకూ బోర్డు సొంత ఆడియోకూ ఒకే హార్డ్‌వేర్ మీద పేచీ. అందుకని వాళ్లు ఎస్‌ఎన్‌డీ బీసీఎం2835 అనే డ్రైవర్‌ను నిషేధిత జాబితాలో పెట్టి, ప్రాజెక్టు ఒప్పజెప్పి, ఉద్యోగాలకు పోయారు. అదే మెమరీ కార్డు ఈ ఏడాది పిల్లల చేతికొచ్చింది. వీళ్లు హెడ్‌ఫోన్ జాక్‌లో పెట్టి పాట రాదేమని వారం నుంచి జుట్టు పీక్కుంటున్నారు. ఆ భూమి ఎందుకు నిషేధంలో ఉందో రాసిపెట్టిన ఆఫీసరు బదిలీ అయిపోయాడు.

ఇదంతా దాటి కార్డు రికార్డులోకి ఎక్కిందనుకుందాం. అప్పుడు పై అధికారుల అంచె మొదలవుతుంది. కింద ఆల్సా. 2003 చివర్లో వచ్చిన 2.6 కెర్నెల్ నుంచీ లైనక్స్‌లో పాట ఫైలు మీద మొదటి సంతకం దానిది. దాని నెత్తిన 2020 డిసెంబరులో రాస్ప్‌బెర్రీ పై డెస్క్‌టాప్‌లో పల్స్ ఆడియో వచ్చి కూర్చుంది. 2023లో దాన్ని లేపి పైప్‌వైర్‌ను కూర్చోబెట్టారు. ఒక్కొక్కరూ ముందున్నవారి కన్నా సమర్థులే, కాదనను. కానీ పాత నోట్స్‌లో ఉన్నది ఆల్సా వారికి రాసిన దరఖాస్తు, సీనియర్ రాసింది పల్స్ వారి ఫార్మాటు, ఇప్పుడు కౌంటర్లో ఉన్నది పైప్‌వైర్. దరఖాస్తు మూడుచోట్లా తీసుకుంటారు. తీసుకుని ఎక్కడో పెడతారు.

ఎక్కడ పెడతారో చెప్తాను, వినండి. కార్డులకు నంబర్లుంటాయి, సున్నా, ఒకటి, రెండు అని. బోర్డుకు మానిటర్ తగిలిస్తే హెచ్‌డీఎంఐ కూడా ఒక కార్డు. తగిలించినరోజు ఒక వరుస, తీసినరోజు ఇంకో వరుస. పాటను 'సున్నా కార్డుకు పంపు' అని రాసిన ప్రోగ్రాము ఒకరోజు స్పీకరుకు పంపుతుంది, మర్నాడు మానిటర్‌కు పంపుతుంది. ఆ మానిటర్‌కు స్పీకర్లే లేవు. అయినా అది పాటను అందుకుంటుంది, మర్యాదగా. ఆల్సా పంపాను అంటుంది, మానిటర్ చేరింది అంటుంది, తెర మీద సెకన్లు తిరుగుతుంటాయి, పాట పూర్తయిందని ప్రోగ్రాము సున్నా ఎర్రర్లతో ముగుస్తుంది. ఒక్కరూ అబద్ధం ఆడలేదు. ఒక్కరూ పని ఎగ్గొట్టలేదు. ఫైలు ప్రతి బల్ల మీదా సంతకమై ముందుకు నడిచింది. రైతుకు నీళ్లు పెట్టమన్న మాట మాత్రం ల్యాబ్ గాల్లోకి రాలేదు.

ఆల్సామిక్సర్ తెరిస్తే గొట్టాల్లా బార్లు కనిపిస్తాయి. వాటి అడుగున రెండు ఎమ్‌లుంటే అది నోరు కట్టేసినట్టు. వాల్యూమ్ వంద దగ్గర పెట్టి, అడుగున ఎమ్ఎమ్ ఉంచి, స్పీకరు కాలిపోయిందని కోఠికి బస్సెక్కిన బ్యాచులున్నాయి. పైగా ఈ చౌక యాంప్లిఫైయర్‌లో వాల్యూమ్ బటనే ఉండదు, మిక్సర్ తెరిస్తే ఖాళీ గది. అది చూసి ఇంకో స్పీకరు కొంటారు.

అన్నీ కుదిరి, ల్యాబ్‌లో ఒక శుభముహూర్తాన స్పీకర్-టెస్ట్‌ను వేవ్ ఫైళ్లతో కొడితే, ఒక ఆడగొంతు ఇంగ్లీషులో 'ఫ్రంట్ లెఫ్ట్' అంటుంది. నలుగురూ ఎగిరి గంతేస్తారు. చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకున్నవాడు నూట ఎనిమిది బాకీ తీర్చడానికి బయల్దేరతాడు. వీసాలిప్పించే దేవుడు ఆడియో కూడా ఇప్పిస్తాడని అప్పుడే తెలుస్తుంది. మర్నాడు వైవా. మానిటర్ తీసేశారు, కీబోర్డు తీసేశారు, బోర్డును థర్మాకోల్ పాలీహౌస్ లోపల దాచారు, కరెంటిచ్చారు. మౌనం. ఎందుకంటే పైప్‌వైర్ లాగినైన మనిషి తరఫున పనిచేస్తుంది. నిన్న లాగినైన మనిషి ఉన్నాడు, ఇవాళ ప్రోగ్రాము బూట్‌లోనే రూట్ హోదాలో లేచింది. బాస్ హోదాలో వచ్చింది కదా అని గౌరవం దక్కదు. ఆ గుమాస్తాకు తనకు తెలిసిన మనిషే కావాలి.

ఇందులో పిల్లల తప్పెంత అని అడిగితే పావువంతు కూడా లేదంటాను. నిజానికి దీనికి మందు 2014లోనే కనిపెట్టారు. రాస్ప్‌బెర్రీ పై బి ప్లస్‌తో పాటు హ్యాట్ అని ఒక పద్ధతి పెట్టారు. మీద పెట్టే బోర్డులో ఒక చిన్న మెమరీ చిప్పు ఉండాలి, అందులో తన పట్టా తానే రాసుకుని రావాలి. 27, 28 కాళ్ల మీద బోర్డు దాన్ని చదువుకుంటుంది, ఓవర్లే తనంతట తానే ఎక్కుతుంది. ఎవరూ ఏ ఫైలూ దిద్దక్కర్లేదు. ఎంత బుద్ధిమంతమైన పద్ధతి! కానీ చౌక బోర్డులు చేసేవాళ్లకు ఆ చిన్న చిప్పు ఖర్చు బరువైంది. చిప్పు బదులు ఒక స్క్రిప్టు ఇస్తారు. ఇంటర్నెట్ నుంచి దించి, అడ్మిన్ అధికారంతో నడిపించమంటారు. అది ఏం చేస్తుందో చదివినవాడు లేడు. నాలుగు ఫైళ్లు చెరిపి రాస్తుంది, ఇప్పుడున్న కెర్నెల్‌కు సరిపడా డ్రైవర్‌ను అక్కడికక్కడ కుడుతుంది. ఆరు నెలలకు అప్‌డేట్ వస్తుంది, కెర్నెల్ మారుతుంది, ఆ డ్రైవర్ అతకదు. కంపెనీవాళ్లు తమ డ్రైవర్‌ను అసలు కెర్నెల్ చెట్టులో చేర్పించి ఉంటే, కెర్నెల్ మార్చినవాళ్లే దాన్నీ సరిచేసేవాళ్లు. చేర్పించాలంటే కోడు శుభ్రంగా రాయాలి, ప్రశ్నలకు జవాబు చెప్పాలి, ఏళ్ల తరబడి బాధ్యత వహించాలి. అమ్మేసిన వెంచర్‌కు రోడ్డు వేయించే బిల్డరును ఈ మండలంలో నేనింకా చూడలేదు.

ఇక మన సిలబస్ మహానుభావులు. డివైస్ ట్రీ ఏంటో చెప్పరు, ఐటూఎస్‌లో మూడు తీగలెందుకో చెప్పరు. వాయిస్ అసిస్టెంట్, ఏఐ, స్మార్ట్ అగ్రికల్చర్ అన్న పేర్లుంటే ప్రాజెక్టు పాసు. బ్యాచ్‌కో పేరు, కార్డు మాత్రం అదే. అమీర్‌పేటలో రెడీమేడ్‌గా కట్టిచ్చేవాళ్లు దీన్ని ఎప్పుడో అర్థం చేసుకున్నారు. వాళ్ల కిట్‌తో పాటు బ్లూటూత్ స్పీకరు ఉచితం.

కాలేజీ గేటు బయట కొబ్బరిబోండాల బండి ఉంది. దానికి క్యూఆర్ కోడ్, పక్కన సౌండ్ బాక్స్. డబ్బు పడగానే తెలుగులో ఎన్ని రూపాయలొచ్చాయో గట్టిగా చెప్తుంది. ఎండలో, దుమ్ములో, పక్కన టిప్పర్లు పోతున్నా చెప్తుంది. దాన్లోనూ ఒక ప్రాసెసరు, ఒక యాంప్లిఫైయర్ చిప్పు, ఒక స్పీకరే ఉన్నాయి. ఆ బండాయనకు కార్డు సున్నానా ఒకటా తెలియదు. ఎందుకు మోగుతుంది? ఎవడో ఒక ఇంజనీరు ఆ రెండు చిప్పులనూ తానే సోల్డర్ చేయించి, పట్టా తానే రాసి, పెట్టెకు సీలు వేసి, మోగకపోతే జీతం కోతపడే ఉద్యోగంలో ఉన్నాడు కాబట్టి. కాగితమూ నేలా రెండూ ఒకడి చేతిలోనే ఉన్నాయి. రాస్ప్‌బెర్రీ పై అలా సీలు వేసిన పెట్టె కాదు, నేర్చుకోవడానికి ఇచ్చిన బోర్డు. 2012లో 35 డాలర్లకు వచ్చినప్పుడు దాని ఉద్దేశమే పిల్లలు లోపలికి తొంగిచూడాలని. తొంగిచూడనివ్వకుండా ఆ బోర్డు చేతికిస్తే మిగిలేది మౌనమే. 2023లో వచ్చిన ఐదో తరం బోర్డులో హెడ్‌ఫోన్ జాక్ కూడా పీకేశారు. కనీసం ఆ జాక్‌లోంచి గురగుర శబ్దమైనా వినిపించేది పాపం.

మైక్ సెట్ ఆయన్ను చూడండి. గండిపేటలో తెలుగుదేశం మహానాడులు జరిగిన రోజుల నుంచీ ఆయన పద్ధతి మారలేదు. పాట రాకపోతే ఆయన ఏ ఫైలూ తెరవడు. స్పీకరు దగ్గర మొదలుపెడతాడు. వైరు పీకి జాక్ కొసను వేలితో ముట్టుకుంటాడు. బుర్రుమంటే స్పీకరూ యాంప్లిఫైయరూ బాగున్నాయని అర్థం. అక్కడి నుంచి ఒక్కో అడుగు వెనక్కి వస్తాడు, మిక్సర్, కేబుల్, ఫోను. ఎక్కడ ఆగిందో అక్కడ దొరుకుతుంది. ల్యాబ్‌లో పని సరిగ్గా ఎదురు దిశలో నడుస్తుంది. కాన్ఫిగ్ ఫైలు దగ్గర మొదలై, లాగ్ దాకా వచ్చి, అక్కడ 'ఎర్రర్ లేదు' అని రాసుకుని ఆగిపోతారు. స్పీకరు దాకా ఎవరూ రారు. గడియారం కాలు మీద మల్టీమీటర్ పెట్టినా సిగ్నల్ బయటికొస్తుందో లేదో తేలిపోతుంది. దానికి క్రెడిట్లు లేవు.

వైవాకొచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ నెమ్మదస్థుడు. బయట కారు ఏసీ ఆన్‌లో ఉంది.

"ఏది తమ్మీ, మాట్లాడిపియ్యి."

"మాట్లాడుతుంది సార్. ఇగో లాగ్ చూడుండ్రి. ప్లేబ్యాక్ కంప్లీటెడ్."

"వినపడుతలేదే?"

"లౌడ్‌నెస్ ఇష్యూ సార్. బయట ఫంక్షన్ హాల్ల డీజే నడుస్తుంది కదా."

ఎగ్జామినర్ కిటికీ వైపు చూశాడు, తలాడించాడు. లాగ్ స్క్రీన్‌షాట్ రిపోర్టులో 43వ పేజీలో ఉందో లేదో చూసుకున్నాడు. ఉంది, రంగుల్లో. అవుట్‌స్టాండింగ్ అని రాశాడు. గైడ్ సారు పొంగిపోయి, రిపోర్టు చివర 'ఫ్యూచర్ స్కోప్' అధ్యాయం తెరిచి చూపించాడు. వచ్చే ఏడాది బ్యాచ్ ఇదే బోర్డుకు, ఇదే మెమరీ కార్డు మీద, కెమెరా కూడా తగిలిస్తుందట.